రాత్రి రేడియోని కూడా లెక్కలో వేసుకోండి: నాయిస్ లిమిట్లు రాసే కమిటీలకి ఒక బహిరంగ లేఖ

నమస్కారం అండి.

చార్జర్లు, అడాప్టర్లు, ఎల్ఈడీ లైట్లు, టీవీలు, సోలార్ ఇన్వర్టర్లు లాంటివి రేడియో బ్యాండ్లలోకి ఎంతవరకు నాయిస్, అంటే రేడియోలో బుర్ర్ మని వినపడే గోల, వదలొచ్చో లిమిట్లు రాసే కమిటీల వాళ్ళందరికీ కలిపి ఈ లెటర్ రాస్తున్నా. మీ పేర్లు బయట ఎవరికీ పెద్దగా తెలియవు, మీరు రాసే పేజీలు మామూలు మనుషులు ఎవరూ చదవరు, కానీ పొద్దుగూకాక మా రేడియోల్లో ఏం వినపడాలో ఏం వినపడకూడదో చివరికి తేల్చేది ఆ పేజీలే.

నేను ఇంజనీర్ని కాదు. ఏఎం రేడియోలో, అంటే మీడియం వేవ్ లో, దూరం స్టేషన్లు వెతుక్కునే పిచ్చి ఉన్న మనిషిని, మా వాళ్ళ భాషలో డీఎక్సర్ అంటారు. ముల్లు మెల్లగా తిప్పుకుంటూ, రేడియోని అటూ ఇటూ తిప్పుకుంటూ, గరగర మధ్యలో ఏదో ఒక భాషలో ఒక గొంతు లేచి మళ్ళీ మునిగిపోయేలోపు అది ఎవరో కనుక్కోవడం మా పని. పనికొచ్చే పనా అని అడిగితే నా దగ్గర ఆన్సర్ లేదు.

అసలు ఈ లెటర్ ఎందుకు మొదలైందంటే ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. అప్పటికి కొన్నేళ్ళుగా నేను ఏమనుకుంటున్నానంటే మీడియం వేవ్ అయిపోయింది, స్టేషన్లన్నీ మూసేశారు, నా రేడియో కూడా ముసలిదైపోయింది, ఇంక ఇంతే అని. ఆ చీకట్లో ఏం తోచక బ్యాటరీ రేడియో ఆన్ చేస్తే, బాబోయ్, బ్యాండ్ మొత్తం మనుషులే. ప్రతి తొమ్మిది కిలోహెర్ట్జ్ కి ఒక గొంతో, ఒక పాటో, రెండు మూడు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి కలిసిపోయిన సంతగోలో. ఒక గంట సేపు కదలకుండా కూర్చున్నా. కరెంటు వచ్చింది, బుర్ర్ మని ఒక గోడ లేచింది, మొత్తం పోయింది. స్టేషన్లు ఎక్కడికీ పోలేదు, నా రేడియోకి ఏం కాలేదు, మా ఇంట్లో మా వీధిలో ప్లగ్గుల్లో ఉన్న డబ్బాలే వాటిని కప్పేశాయి అన్నమాట.

మర్నాడు మెయిన్ స్విచ్ ఆపేసి ఒక్కో సర్క్యూట్ వేసుకుంటూ దొంగ ఎవరో వెతికా. పక్కింటి వాళ్ళని మనసులో నాలుగు తిట్టుకుని మొదలెట్టా, తీరా చూస్తే పెద్ద దొంగ నా ఇంటర్నెట్ డబ్బాకి ఉన్న అడాప్టరే, రెండోది నేనే ముచ్చటపడి కొనుక్కున్న టేబుల్ లైటు. రెండింటి మీదా రూల్ ప్రకారం ఉండాల్సిన ముద్రలన్నీ ఉన్నాయి. మీరు గీసిన గీత లోపలే ఉన్నాయనుకుందాం, అప్పుడు ఆ గీత ఎవరి కోసం గీశారు అనేదే నా అసలు ప్రశ్న. స్టేషన్ పక్కనే ఉండి పగలు వినేవాడి కోసమా, లేక దూరంగా ఉండి వినేవాడిని కూడా లెక్కలో పెట్టుకున్నారా?

మీకు తెలిసిన విషయమే అయినా ఈ లెటర్ వేరేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి పగలు రాత్రి తేడా కొంచెం చెప్తా. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ నుంచి సిగ్నల్ రెండు దారుల్లో పోతుంది. ఒకటి నేలని అంటిపెట్టుకుని పోయేది, గ్రౌండ్ వేవ్. ఇది పగలైనా రాత్రయినా దాదాపు ఒకేలా ఉంటుంది, ఎంత దూరం పోతుందనేది కింద ఉన్న నేలని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి. సముద్రపు నీళ్ళు ఎండిన నేల కంటే వెయ్యి రెట్లకు పైనే కరెంటుని బాగా పోనిస్తాయి కాబట్టి ఉప్పునీటి మీద సిగ్నల్ అలా జారుకుంటూ పోతుంది, రాళ్ళూ ఇసుకా ఉన్న చోట తొందరగా చచ్చిపోతుంది. 540 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్న స్టేషన్ ఎంత దూరం వస్తుందో అంతే పవర్ తో 1600 దగ్గర ఉన్న స్టేషన్ అందులో సగం కూడా రాకపోవచ్చు, అందుకే పగలు దూరం వినేవాళ్ళు ఎప్పుడూ డయల్ కి కింది చివరే తచ్చాడుతుంటారు.

రెండో దారి ఆకాశంలోకి. పగలు ఎండ వల్ల సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి లేయర్ అనేది తయారవుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఉంటాయి, గాలి అణువులు కూడా బోలెడు ఉంటాయి, మన సిగ్నల్ వచ్చి ఎలక్ట్రాన్ ని ఊపితే అది ఊగేలోపే వెళ్ళి ఒక అణువుని గుద్దుకుంటుంది, సిగ్నల్ లో ఉన్న శక్తి వేడి అయిపోతుంది, అంతే, కథ అక్కడితో సమాప్తం. పొద్దుగూకగానే ఎండ లేదు, ఆ కింది పొరలో ఎలక్ట్రాన్లు కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ అణువుల్లో కలిసిపోతాయి, పైన గాలి పల్చగా ఉన్న చోట మాత్రం కలవడానికి టైమ్ పడుతుంది కాబట్టి పై పొరలు రాత్రంతా ఎంతో కొంత మిగిలి ఉంటాయి. పగలు మింగేసేది పోయింది, పైన తిప్పి కొట్టేది మిగిలింది. 100 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న 'ఇ' (E) లేయర్ నుంచి ఒక్క గెంతులో సిగ్నల్ సుమారు 2000 కిలోమీటర్లు రాగలదు, ఇంకా పైన ఉన్న ఎఫ్ లేయర్ నుంచి అయితే దానికి దాదాపు రెట్టింపు, నేల మీద పడి మళ్ళీ లేచి ఇంకో గెంతు వేస్తే ఇంకా దూరం.

ఇది మాలాంటి వాళ్ళు కనిపెట్టిన విషయం కాదండి, రేడియో పుట్టినప్పటి నుంచే ఉన్న గొడవ. 1902 ఫిబ్రవరిలో మార్కోనీ ఫిలడెల్ఫియా అనే ఓడలో అట్లాంటిక్ దాటుతూ ఇంగ్లండ్ లోని పోల్డూ స్టేషన్ సిగ్నళ్ళని రోజూ వింటూ పోయాడు. పగలు సుమారు 1100 కిలోమీటర్లు దాటాక ఏమీ వినపడలేదు, రాత్రి మాత్రం దాదాపు 3400 కిలోమీటర్ల దూరం దాకా వినపడింది. ఆయనకి కారణం అర్థం కాలేదు పాపం, ఎండ పడి ట్రాన్స్‌మిటర్ ఏరియల్ మీదున్న చార్జ్ కారిపోతోందేమో అనుకున్నాడు. అదే ఏడాది కెనెల్లీ అమెరికాలో, హెవిసైడ్ ఇంగ్లండ్ లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పైన కరెంటుని పోనిచ్చే పొర ఏదో ఉండాలని రాశారు. అది నిజంగా ఉందని చూపించడానికి ఇంకో 22 ఏళ్ళు పట్టింది. 1924 డిసెంబర్ లో ఆపిల్టన్, బార్నెట్ అనే సైంటిస్టులు కలిసి బీబీసీ వాళ్ళ బోర్న్‌మత్ ట్రాన్స్‌మిటర్ ని అర్ధరాత్రి ప్రోగ్రాములు అయిపోయాక అడిగి తీసుకుని, దాని ఫ్రీక్వెన్సీని మెల్లగా జరుపుతూ ఆక్స్‌ఫర్డ్ లో కూర్చుని సిగ్నల్ ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెట్టి, నేల మీద వచ్చిన అలకీ పైనుంచి వచ్చిన అలకీ దారి తేడా తేల్చి, ఆ పొర ఎత్తు 90, 100 కిలోమీటర్ల ప్రాంతంలో ఉందని చెప్పారు. ఆపిల్టన్ కి 1947లో నోబెల్ వచ్చింది. గమనించారా, ఆ ప్రయోగంలో వాడింది మామూలు మీడియం వేవ్ ప్రసారాల ట్రాన్స్‌మిటరే. సిగ్నల్ అలా పెరిగి తగ్గడాన్ని మేము ఫేడింగ్ ఫేడింగ్ అని విసుక్కుంటామే, దాన్నే వాళ్ళు స్కేల్ లాగా వాడుకున్నారు.

సాయంత్రం పూట ఎప్పుడైనా ఓపిగ్గా వింటే ఈ పొర మారడం చెవులకే తెలుస్తుంది. ముందు తూర్పు వైపు స్టేషన్లు లేస్తాయి, ఎందుకంటే అటు అప్పటికే చీకటి పడి ఉంటుంది. ఒక ఫ్రీక్వెన్సీ మీద పగలంతా ఒక్కడే రాజులా ఉన్న దగ్గర్లోని స్టేషన్ వెనకాల ముందు సన్నగా ఇంకో గొంతు, తర్వాత దాని వెనకాల మూడోది. తెల్లవారుజామున ఉల్టా, తూర్పు వాళ్ళు ముందు మాయమవుతారు, పడమటి వాళ్ళు ఇంకాసేపు ఉంటారు, ఒక్కోసారి సరిగ్గా సూర్యోదయం ముందు ఒక పావుగంట రాత్రంతా లేనంత గట్టిగా వచ్చి టక్కున పోతారు. నేను నిద్ర చెడగొట్టుకునేదంతా ఆ పావుగంట కోసమే. గ్రహణం రోజు కూడా ఇదే జరుగుతుంది, 2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయినప్పుడు పట్టపగలు దూరం ఏఎం స్టేషన్లు లేచి మళ్ళీ పడుకోవడం రేడియో మనుషులు కాపు కాసి మరీ విన్నారు.

పాతకాలం రేడియో ఇంజనీర్లు ఈ రాత్రి వ్యవహారాన్ని సీరియస్ గా తీసుకున్నారండి, అది మీకు గుర్తు చేయాలనే ఇదంతా. స్టేషన్ కి ఒక 100, 150 కిలోమీటర్ల దూరంలో రాత్రి గ్రౌండ్ వేవ్, ఆకాశం నుంచి వచ్చే అల సమానంగా తగులుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు వంకరపోతుంది. అది తగ్గించడానికి టవర్ ఎత్తుని సగం వేవ్‌లెంగ్త్ కన్నా కొంచెం ఎక్కువ పెట్టి, నిటారుగా పైకి పోయే సిగ్నల్ ని తగ్గించేవాళ్ళు. 1000 కిలోహెర్ట్జ్ అంటే వేవ్‌లెంగ్త్ 300 మీటర్లు, సగం అంటే 150 మీటర్ల పైన ఇనుము నిలబెట్టాలి, కేవలం రాత్రి కోసం! అమెరికాలో అయితే చాలా స్టేషన్ల లైసెన్సులోనే పగలు ఒక పవర్, రాత్రి ఒక పవర్ అని ఉంటుంది, కొన్ని పొద్దుగూకగానే ఆపేయాలి, పొద్దున్నే మళ్ళీ మొదలెట్టాలి. అక్కడి పెద్ద 50 కిలోవాట్ల క్లాస్ ఏ స్టేషన్లకి రాత్రిపూట ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ కి కూడా మీటరుకి అర మిల్లీవోల్ట్ దాకా రక్షణ రూల్ లో రాసి ఉంది. 1975లో జెనీవాలో అమెరికా ఖండాలు తప్ప మిగతా ప్రపంచానికి ఫ్రీక్వెన్సీలు పంచినప్పుడు కూడా పగలు లెక్క వేరు, రాత్రి లెక్క వేరు. ఇంతమంది ఇన్ని రకాలుగా గడియారం చూసి లెక్కలేస్తే, ఒక్క మీ లిమిట్ల టేబుల్ లోనే గడియారం లేదు.

ఇక్కడ మీలో ఎవరైనా అనొచ్చు, నాయిస్ కి పగలేంటి రాత్రేంటి, అడాప్టర్ 24 గంటలూ ఒకేలా అరుస్తుంది కదా అని. అడాప్టర్ మారదండీ, వినాల్సిన సిగ్నలే మారుతుంది. స్థానిక స్టేషన్ ఇంట్లోకి గట్టిగా వస్తుంటే అడాప్టర్ ఎంత అరిచినా దాని కింద పడి ఉంటుంది, వినేవాడికి తెలియను కూడా తెలియదు. దూరం స్టేషన్ అంతకన్నా వంద రెట్లు, వెయ్యి రెట్లు బలహీనంగా వస్తుంది, అక్కడ అదే అడాప్టర్ రాజు.

పగలు గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు, నాకూ చాలా ఏళ్ళు తట్టలేదు. డి లేయర్ పగలు దూరం స్టేషన్లని మాత్రమే మింగదు, దూరంగా పడుతున్న పిడుగుల గరగరని కూడా మింగుతుంది. భూమి మొత్తం మీద సెకనుకి 40, 50 మెరుపులు పడుతూనే ఉంటాయి, రాత్రి అయితే వాటి చప్పుడు కూడా అవే పొరల మీద గెంతుకుంటూ మన రేడియోలోకి వస్తుంది. అంటే రాత్రి సిగ్నల్ తో పాటు ప్రకృతి గోల కూడా పెరుగుతుంది. పగలు మాత్రం, దగ్గర్లో ఉరుములు లేకపోతే, మీడియం వేవ్ అడుగున చిమ్మచీకటి లాంటి నిశ్శబ్దం ఉంటుంది, ఆ నిశ్శబ్దంలో గ్రౌండ్ వేవ్ మీద 300, 400 కిలోమీటర్ల దూరం స్టేషన్ ని, సముద్రం మీదుగా అయితే ఇంకా దూరం స్టేషన్ ని మిట్టమధ్యాహ్నం మామూలు రేడియోతో వినొచ్చు. ఆ పగటి నిశ్శబ్దాన్ని ముందు మింగింది మన చార్జర్లే. కాబట్టి రాత్రి ఒక్కటే పోయిందని కూడా నేను అనట్లేదు, పగలు దూరం వినడం అనేది ఒకటుండేదని కూడా జనం మర్చిపోయారు, పగలు రేడియో అంటే పక్కన ఉన్న స్టేషనే అన్న మాట ఒకటి స్థిరపడిపోయింది, దాని మీదే మళ్ళీ లిమిట్లు.

అంతర్జాతీయంగా రేడియో నాయిస్ అంచనాలకి వాడే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ) టేబుల్ మీ అందరికీ తెలిసిందే. అందులో ఒక మెగాహెర్ట్జ్ దగ్గర నగరంలో మనిషి చేసే నాయిస్ 76.8 డెసిబెల్స్, జనం లేని నిశ్శబ్ద ప్రాంతంలో 53.6. తేడా 23 డెసిబెల్స్ పైనే, పవర్ లో చెప్పాలంటే 200 రెట్లు. ఆ గీతల వెనకున్న కొలతలు చాలా వరకు 1970ల నాటివో అంతకు ముందువో, అప్పటికి ఇళ్ళల్లో స్విచింగ్ పవర్ సప్లై, అంటే కరెంటుని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ మార్చే ఇప్పటి చార్జర్ల లాంటి సర్క్యూట్, అనేది దాదాపు లేదు, గోల చేసేవి కార్ల ఇంజన్లు, కరెంటు లైన్లు, మోటార్లు.

ఇప్పుడు మీ లిమిట్ల దగ్గరికి వద్దాం. తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని ఒకటికి రెండుసార్లు చదివా. సిస్పర్, అంటే ఈ లిమిట్లు రాసే అంతర్జాతీయ కమిటీ, మొదలైందే 1934లో, రేడియో ప్రసారాలు వినేవాళ్ళని గోల నుంచి కాపాడటానికి. మీరు వాడే క్వాసీ పీక్ మీటర్ కూడా ఆ కాలం ఆలోచనే, ఒక టకటక శబ్దం ఏఎం రేడియో వినేవాడి చెవికి ఎంత చికాకు పుట్టిస్తుందో దాన్ని బట్టి ముల్లు లేచేలా తయారుచేశారు, ఈ బ్యాండ్ లో మీరు కొలిచే వెడల్పు కూడా 9 కిలోహెర్ట్జ్, అచ్చం ఒక ఏఎం ఛానల్ అంత. నిజం చెప్పాలంటే అది చదివినప్పుడు నాకు కొంచెం గుండె కరిగింది, ఎవరో ఎప్పుడో నాలాంటి వాడి చెవిని మీటర్ లోపల పెట్టారు.

కానీ ఆ చెవిని పెట్టింది ఎక్కడ? టీవీ, కంప్యూటర్ లాంటి వస్తువులకి గాల్లోకి వదిలే నాయిస్ లిమిట్లు 30 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. దాని కింద, అంటే మీడియం వేవ్ మొత్తం ఉన్న చోట, ప్లగ్గు వైరు మీద ఎంత వస్తోంది అనే ముఖ్యంగా కొలుస్తారు. ఇళ్ళల్లో వాడే వాటికి 0.5 నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య 56 డెసిబెల్ మైక్రోవోల్ట్ క్వాసీ పీక్, అంటే సుమారు 630 మైక్రోవోల్ట్లు. దీని వెనక లాజిక్ నాకు అర్థమవుతుంది, 300 మీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర చేతిలో పట్టే డబ్బా తనంతట తాను ఏం రేడియేట్ చేస్తుంది, చేస్తే గోడల్లో ఉన్న వైరింగే చేయాలి అని. మంచిదే. కానీ మా రేడియోలో ఏరియల్ గా ఉన్నది ఫెర్రైట్ రాడ్ అనే కడ్డీ, అది దగ్గర్లో ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది, టేబుల్ మీద రేడియోకి రెండడుగుల దూరంలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దానికి ఏ వైరింగూ లేకుండానే వినపడుతుంది. పైగా లైట్ల స్టాండర్డ్ లో మీరే లూప్ యాంటెనాతో, అంటే చుట్టలా ఉండే ఏరియల్ తో, 9 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అయస్కాంత క్షేత్రం కొలిచే టెస్ట్ పెట్టారు. కొలవడం చేతకాదని ఎవరూ అనలేరు. లైటుకి పెట్టిన లూప్ పక్కనున్న టీవీకి ఎందుకు పెట్టలేదో చెప్పండి.

ఇంకో తమాషా ఉంది. చిన్న అడాప్టర్లు చాలా వరకు 65 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతాయి, వాటి గోల 65 దగ్గరే కాదు, దాని రెట్టింపు, మూడింతలు, అలా ప్రతి రెట్టు దగ్గరా వస్తుంది, ఎందుకు 65 అంటే మీ లిమిట్ 150 దగ్గర మొదలవుతుంది కాబట్టి, 65, దాని రెట్టింపు 130, రెండూ గీత కింద తప్పించుకుంటాయి. బలమైన మొదటి రెండూ మీ కంట పడవు, మూడోది నుంచి ఫిల్టర్ పెడితే సరిపోతుంది. తెలివైన పనే, తప్పు పట్టను, నేనైనా అదే చేస్తా. కాకపోతే తొమ్మిదోది 585, పదోది 650, తర్వాత 715, అలా డయల్ పొడవునా 65 కి ఒక బుర్ర్. అది కూడా ఒక చోట నిలబడదు, ఫోన్ చార్జింగ్ ఎక్కేకొద్దీ, డబ్బా వేడెక్కేకొద్దీ పక్కకి జరుగుతుంది, అప్పటిదాకా బాగా వస్తున్న స్టేషన్ మీదకి నత్తలాగా పాక్కుంటూ వచ్చి కూర్చుంటుంది. ఒక అడాప్టర్ అయితే రేడియోని తిప్పి దాన్ని నల్ లో పెట్టేయొచ్చు, ఫెర్రైట్ రాడ్ చివర ఎటు చూపిస్తే అటు వినపడదు కాబట్టి. ఇంట్లో పది ఉంటే పది వైపులకి ఎలా తిప్పమంటారు? మీ లిమిట్ ఒక్కో వస్తువుకి విడిగా, ఇల్లు మొత్తానికి కాదు. పది వస్తువులూ పాసైన ఇల్లు ఫెయిల్ అని చెప్పే టెస్టే లేదు.

ఇంటర్నెట్ లో ఆ స్టేషన్ వినొచ్చు కదా అనే మాట వస్తుందని తెలుసు. వినొచ్చు, వింటా కూడా. అది స్టేషన్ ని వినడం, ఇది ఆకాశాన్ని వినడం, రెండూ ఒకటి కాదు, దీని మీద ఇంతకన్నా వాదించను. తుఫానొచ్చి టవర్లు, కేబుళ్ళు పోయిన రోజు మధ్యలో ఏ కంపెనీ సామాను లేకుండా వందల కిలోమీటర్లు నేరుగా మనిషి చెవికి చేరేది ఇదొక్కటే అనే మాట కూడా చాలామంది చెప్పారు, అది నిజమే, కాకపోతే ఆ రోజు ఎటూ కరెంటు ఉండదు కాబట్టి మీ అడాప్టర్లు కూడా మూసుకుని ఉంటాయి, ఆ వాదన మీ మీద నేను వాడుకోలేను!

నన్ను బాధపెట్టేది వేరే. నాయిస్ పెరిగింది, వినలేక జనం వదిలేశారు, జనం లేరని స్టేషన్లు మూసేస్తున్నారు, స్టేషన్లు లేవు కదా అని నాయిస్ లిమిట్ల గురించి అడిగేవాడు లేడు. 2015 సెప్టెంబర్ లో నెదర్లాండ్స్ 747 కిలోహెర్ట్జ్ మూసేసింది, అదే ఏడాది డిసెంబర్ 31తో జర్మనీలో డాయిచ్‌లాండ్‌ఫుంక్ మీడియం వేవ్ మొత్తం ఆపేసింది, ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో కూడా ఆ రోజుల్లోనే మీడియం వేవ్ కి సెలవు చెప్పింది. మూసేయడానికి కరెంటు బిల్లులు, డిజిటల్, కొత్త తరం, చాలా కారణాలున్నాయి, అన్నీ మీ నెత్తిన వేయట్లేదు. సిగ్గు విడిచి ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఒక పెద్ద స్టేషన్ మూతపడగానే మాలాంటి వాళ్ళు ముందు చేసే పని ఆ ఫ్రీక్వెన్సీ మీదకి పరిగెత్తడం, దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న చిన్న స్టేషన్ ఏదైనా బయటపడుతుందేమో అని. చావింట్లో సామాన్లు వెతికినట్టే ఉంటుంది. కానీ ఇప్పుడు అలా పరిగెత్తినా చాలాసార్లు అక్కడ స్టేషన్ బదులు ఎవరిదో సోలార్ ఇన్వర్టర్ పలకరిస్తోంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. లైట్లకి ఉన్న లూప్ కొలతని 30 మెగాహెర్ట్జ్ కింద మిగతా ఇంటి సామాన్లకి కూడా తెండి, ముఖ్యంగా రేడియో పక్కన టేబుల్ మీద ఉండే వాటికి. లిమిట్ నంబర్ వేసేటప్పుడు పక్కన ఉన్న స్టేషన్ సిగ్నల్ ని పెట్టుకుని లెక్క వేయకుండా, రాత్రి ఆకాశం నుంచి వచ్చే మీటరుకి అర మిల్లీవోల్ట్ ని, పగలు దూరం నుంచి వచ్చే అంతకన్నా చిన్న గ్రౌండ్ వేవ్ ని పెట్టుకుని వేయండి. ఒక ఇంట్లో ఒకటి కాదు ఇరవై డబ్బాలు ఉంటాయన్నది లెక్కలోకి రావాలి. ఇంకా ఒకటి, టెస్టులో పాసైన శాంపిల్ వేరు, షాపులోకి వచ్చే సరుకు వేరు, ఖర్చు తగ్గించడానికి ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట వైరు ముక్క పెట్టి మూసేసిన అడాప్టర్లు నేను విప్పి చూశా. అది మీ పని కాదు, తనిఖీ చేసేవాళ్ళ పని అంటారు. సరే, వాళ్ళకి కూడా ఈ లెటర్ కాపీ అనుకోండి.

ఏం పోగొట్టుకోకుండా చేయగలిగే పనే ఇది. ఫిల్టర్ అంటే ఒక చిన్న కాయిల్, రెండు కెపాసిటర్లు. నా టేబుల్ లైటుకి ఒక ఫెర్రైట్ రింగ్ మీద వైరు పది చుట్లు చుట్టా, నాయిస్ సగానికి పైగా పోయింది. ఇంటర్నెట్ డబ్బాకి పాతకాలం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ సప్లై పెట్టా, గోడ మీద ఇటుకలాగా వేలాడుతోంది, కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది, కానీ నోరు మూసుకుని ఉంటుంది. ఆ వారమే 1000 కిలోహెర్ట్జ్ కింద నాకు పదేళ్ళుగా దొరకని రెండు స్టేషన్లు లాగ్ లో ఎక్కాయి.

చివరగా, మీ తర్వాతి మీటింగ్ ఏ ఊళ్ళో పెట్టుకున్నా ఒక్క బ్యాటరీ రేడియో వెంట తీసుకెళ్ళండి, ఫెర్రైట్ రాడ్ ఉన్న మామూలుది చాలు. మీటింగ్ హాల్లో మిట్టమధ్యాహ్నం ఒకసారి డయల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి ఎన్ని స్టేషన్లు దొరికాయో కాగితం మీద రాసుకోండి. అదే టైమ్ కి బిల్డింగ్ లన్నింటికీ దూరంగా, కరెంటు లైన్లు లేని మైదానంలోకి ఒకర్ని పంపి అదే లెక్క తీయించండి. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ రెండు చోట్లా. నాలుగు నంబర్లు వస్తాయి. ఆ నాలుగు నంబర్లూ మీటింగ్ రికార్డులో ఎక్కించి, ఆ తర్వాత లిమిట్ల టేబుల్ తెరవండి.

ఇట్లు,
రాత్రిళ్ళు మేలుకునే ఒక శ్రోత